రమ్, రూమ్, రూమీ: ఈ మాటలకు మూలం ఒక్కటేనా?

ప్రశ్న:
మొలాసిస్ (చెరకు మడ్డి) నుంచి తీసే రమ్, పారసీక సూఫీ కవి జలాలుద్దీన్ రూమీ పేరులోని రూమ్, గదికి ఇంగ్లీషులో వాడే రూమ్, ఈ మూడింటికీ రోమ్ నగరమే మూలమని ఒక మిత్రుడు గట్టిగా వాదిస్తున్నారు. ఇందులో ఎంత నిజముందో తెలిసినవారు దయచేసి వివరించగలరా?

సమాధానం 1:
ఆ వాదంలో రూమీ విషయం ఒక్కటే నిలుస్తుంది. కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా సాగిన తూర్పు రోమన్ సామ్రాజ్యపు ప్రజలు గ్రీకు మాట్లాడుతున్నా తాము రోమన్లమనే చెప్పుకొనేవారు. బైజాంటైన్ అన్నది ఆ సామ్రాజ్యానికి తరవాతి చరిత్రకారులు పెట్టిన పేరు. అందువల్లనే అరబ్బులు, పారసీకులు వారిని రూమ్ అన్నారు, ఖురాన్‌లోని 30వ సూరాకూ (అధ్యాయానికీ) అర్ రూమ్ అన్న పేరే ఉంది. 1071లో మంజికర్ట్ యుద్ధంలో బైజాంటైన్ సైన్యం ఓడిన తరవాత అనటోలియాలో (నేటి టర్కీలో) వెలసిన సెల్జుక్ తురుష్కుల రాజ్యం కూడా, విచిత్రంగా, ఓడినవారి పేరుతోనే రూమ్ సుల్తానత్‌గా ప్రసిద్ధికెక్కింది. బల్ఖ్ ప్రాంతం నుంచి వలస వచ్చిన కుటుంబంలోని జలాలుద్దీన్ ఆ రాజ్యపు రాజధాని కొన్యాలో స్థిరపడి 1273లో అక్కడే మరణించారు కనుక ఆయన రూమీ అయ్యారు. టర్కీలోని గ్రీకు ఆర్థొడాక్స్ క్రైస్తవులను నేటికీ రూమ్ అనే అంటారు. వరాహమిహిరుడు తన ఖగోళ గ్రంథం పంచసిద్ధాంతికలో చేర్చిన రోమక సిద్ధాంతపు పేరు కూడా ఈ కుటుంబంలోనిదే.

సమాధానం 2:
మద్యం పేరుకు రోమ్‌తో సంబంధం లేదు. 17వ శతాబ్ది మధ్యలో బార్బడోస్ దీవిలో చెరకు నుంచి కాచిన సారాను రంబులియన్ అనీ, కిల్ డెవిల్, అంటే దయ్యాన్ని చంపేది, అనీ పిలిచేవారు. ఈ రెండో పేరును ఫ్రెంచివారు గిల్దీవ్‌గా మార్చుకున్నారు. ఇంగ్లండ్‌లోని డెవన్ మాండలికంలో రంబులియన్ అంటే పెద్ద గోల. ఆ సారా తాగినవారి వాలకాన్ని బట్టి పెట్టిన పేరు కావచ్చు. దానిని కుదించగా రమ్ ఏర్పడిందన్నది నాకు సమంజసంగా తోస్తుంది. చక్కెరకు లాటిన్ పేరైన సకారమ్‌లోని చివరి అక్షరాల నుంచి వచ్చిందనే ఊహ చమత్కారంగా ఉంది కానీ, ఓడ కళాసీలు, తోట కూలీలు లాటిన్ తెగ్గొట్టి సారాకు పేరు పెట్టారంటే నమ్మడం కష్టం. స్పానిష్ రోన్, ఫ్రెంచి రోమ్ రెండూ ఇంగ్లీషు నుంచి వెళ్లినవే.

సమాధానం 3:
గది సంగతి వేరు. ప్రాచీన ఇంగ్లీషులో రూమ్ అంటే ఖాళీ చోటు. జర్మన్ రౌమ్, స్వీడిష్ రుమ్ దాని తోబుట్టువులు, ఐస్‌లాండిక్‌లో అదే మాటకు మంచం అన్న అర్థమూ ఉంది. స్వీడిష్‌లో గది రుమ్, మద్యం రొమ్ కనుక అక్కడివారికి ఈ తికమక తక్కువే. జోర్డాన్‌లోని వాదీ రమ్ అనే ఎడారి లోయను కూడా కొందరు ఈ జాబితాలో చేరుస్తుంటారు, కానీ అరబ్బీలో ఆ పేరును రూమ్‌లో ఉన్న వావ్ అక్షరం లేకుండా రాస్తారు.