క్రాస్ స్టిచ్‌కి గుడ్డ ఎంత? ముడతలెందుకు?

ఎంవీపీ కాలనీ: నెమలి డిజైను 140 × 98 గళ్లు. 14 కౌంట్ ఐడా (అంగుళానికి 14 గళ్లుండే క్రాస్ స్టిచ్ గుడ్డ) ఎంత కొనాలండీ? పోయినసారి కుట్టింది ముడతలు పడింది, ఎరుపు దారం రంగు దిగింది.

సీతమ్మధార: 140ని 14తో భాగిస్తే 10 అంగుళాలు, 98 అయితే 7. ఫ్రేముకి చుట్టూ 3 వదిలితే 16 × 13. దారంలోని ఆరు పోగుల్లో రెండే తీసుకోండి, 24 నంబరు మొద్దు సూది. ప్రతి X కుట్టులో పైన పడే కుట్లన్నీ ఒకే వైపు వాలాలి, లేదంటే మెరుపు తేడా దూరం నుంచే కనిపిస్తుంది.

గాజువాక: దారం బిగలాగితే ముడతలే. మూరెడు దారం చాలు. ముడి వద్దు, అంగుళం తోక వెనక వదిలి, మొదటి నాలుగైదు కుట్ల కింద అణచండి. రాత్రి గుడ్డ బిగించే రింగు, సూది తీసేయండి. మన వైజాగ్ చెమ్మకి తుప్పు మరక పడితే వదలదు!

ఎంవీపీ కాలనీ: మరి ఎరుపు?

సీతమ్మధార: ఆరనివ్వకుండా చల్లనీళ్లు మారుస్తూ, రంగు ఆగేదాకా జాడించండి. మరక పోకుండా ఇస్త్రీ పెట్టారో, అంతే సంగతులు.