బొలోన్యా జంట టవర్లు: ఎక్కనిస్తున్నారా? అసలు ఊరి మధ్యలో ఎందుకు కట్టారు?

గోదారి_గట్టు:
వచ్చే నెల మా ఆవిడా నేనూ మిలాన్ నుంచి ఫ్లోరెన్స్ వెళ్తూ బొలోన్యాలో ఒక పూట దిగుదామనుకుంటున్నాం. అక్కడి జంట టవర్లలో పొడుగుదైన అసినెల్లి టవర్‌కి 498 మెట్లట. మోకాళ్లు సహకరిస్తే ఎక్కాలని ఉంది. ఇప్పుడు ఎక్కనిస్తున్నారా? ఇంకో సందేహం కూడా. రక్షణ కోసమైతే ఊరి చుట్టూ గోడ మీద కట్టుకోవాలి గానీ, నడిబొడ్డున పక్కపక్కనే రెండెందుకు? పైగా రెండూ ఒరిగే ఉన్నాయి!

బొలోన్యా_పీజీ:
2023 అక్టోబర్‌లో మూసేశారండీ. బాగా ఒరిగింది పొట్టిది, గరిసెండా. దాదాపు 4 డిగ్రీల వంపు. దాని కదలికలు తేడాగా ఉన్నాయని తేలడంతో చుట్టూ గట్టి అడ్డుగోడ, వలలు పెట్టారు. అది పడితే పక్కదానికీ ముప్పే కాబట్టి అసినెల్లి కూడా ఎక్కనివ్వడం ఆపేశారు. అంతకుముందు వీలున్నప్పుడు నేను ఎక్కలేదు. డిగ్రీ రాకముందు ఆ టవర్ ఎక్కిన స్టూడెంట్‌కి ఇక డిగ్రీ రాదని ఇక్కడ ఓ నమ్మకం. నాకు అలాంటి పట్టింపులు లేవు గానీ, బ్యాక్‌లాగులు పెట్టుకుని ఎందుకొచ్చిన టెన్షన్ చెప్పండి.

వెన్నెల_మిలానో:
మేం మూసేయకముందే ఎక్కాం. లోపలంతా చెక్క మెట్లు, 1684లో వేసినవి. మధ్యలో అరిగి అరిగి గిన్నెల్లా గుంటలు పడ్డాయి, అడుగు ఎక్కడ వేయాలో చూసుకుంటూ ఎక్కాలి. ఎదురుగా దిగేవాళ్లొస్తే మూలకి ఒదిగి దారివ్వాలి. ఎత్తు 97 మీటర్లు. పైకెళ్లాక ఊరంతా ఎర్ర పెంకుల కప్పులే.

పాతరాళ్లు:
గోదారి_గట్టు గారూ, మీ రెండో ప్రశ్నకి జవాబు: శత్రువు గోడ బయట లేడు, పక్క వీధిలోనే ఉన్నాడు. 12, 13 శతాబ్దాల్లో ఇటలీ ఊళ్లలో పెద్ద కుటుంబాలు పోప్ వైపు కొందరు, చక్రవర్తి వైపు కొందరుగా చీలిపోయాయి. బొలోన్యాలో ఆ ముఠాల పేర్లు జెరెమెయి, లాంబెర్తాజ్జి. 1274లో లాంబెర్తాజ్జి వాళ్లని ఊరి నుంచే తరిమేశారు. అలాంటి చోట ఇంటిని ఆనుకుని ఓ టవర్ ఉంటే గొడవ రోజున ఇంటిల్లిపాదీ అందులోకి ఎక్కి తలుపేసుకోవచ్చు. అందుకే చాలా టవర్లకి గుమ్మం నేల మీద కాకుండా బాగా ఎత్తులో ఉండేది, నిచ్చెన లాగేసుకుంటే అంతే. ఊళ్లో ఇలాంటివి 80 నుంచి 100 దాకా ఉండేవని ఇప్పటి అంచనా. మిగిలినవి పాతిక లోపే. ఈ జంట పక్కనే ఇంకో మూడు ఉండేవి. రోడ్డు వెడల్పు చేయాలని 20వ శతాబ్దం మొదట్లో పడగొట్టారు. నన్నడిగితే అది ఘోరం.

వెన్నెల_మిలానో:
రక్షణ కథ నాకు సగమే నమ్మబుద్ధవుతుంది. దాక్కోవడానికి 97 మీటర్లు ఎవరికి కావాలి? ఫ్లోరెన్స్ దగ్గరి సాన్ జిమిన్యానో చూడండి, చిన్న ఊరు. ఒకప్పుడు 72 టవర్లు ఉండేవట, ఇప్పుడు 14. అక్కడి రోన్యోజా టవర్ కంటే ఎత్తు ఎవరూ కట్టకూడదని ఊరు రూలే పెట్టాల్సొచ్చింది. ఇది పక్కింటివాడి మీద పంతం కాకపోతే ఏంటి?

పాతరాళ్లు:
పంతం లేదని నేననలేదు. కానీ పైనుంచి రాళ్లు వేయగలిగినవాడికే వీధి మీద పెత్తనం. ఎత్తు అందుకూ పనికొచ్చింది. ఇంకోటి, అసినెల్లి టవర్ కట్టింది 1109, 1119 మధ్య అని వాడుక. కానీ అసినెల్లి అనే కుటుంబం పేరు రికార్డుల్లో మొదట కనిపించేది 1185లో. కాబట్టి 'ఫలానావాళ్లు ఫలానా ఏడాది కట్టారు' అని గైడ్లు చెప్పేది నేను కొంచెం తగ్గించే వింటాను.

సైట్_ఇంజనీర్:
కట్టుబడి గురించి నా వంతు. అడుగున పెద్ద పెద్ద సెలెనైట్ (ఒక రకం జిప్సం రాయి) దిమ్మలు, పైన ఇటుక. గోడ ఒకటి కాదు, రెండు. బయట పలచది, లోపల మందంది, మధ్య ఖాళీలో రాళ్లూ సున్నమూ పోసి నింపేవారు. పైకి పోయేకొద్దీ గోడ మందం తగ్గుతుంది. ఈసారి గోడని దగ్గర నుంచి చూడండి, వరసగా చతురస్రపు కన్నాలుంటాయి. అవి పరంజా దూలాలు దూర్చినవి. పూడ్చకుండా వదిలేశారు, ఇప్పుడు పావురాలవి.

గరిసెండాకి అసలు జబ్బు నేలలోనే. భూమి కుంగి ఒరిగింది. 60 మీటర్ల దాకా ఉన్నదాన్ని 14వ శతాబ్దం మధ్యలో భయపడి పైభాగం కొట్టేసి సుమారు 48కి దించారు. బరువు తగ్గింది గానీ సెలెనైట్ అంటే జిప్సమే కదా, తడికీ వేడికీ బలం పోతుంది. అడుగు రాయి గుల్లబారుతుంటే పైన ఎంత కోసినా ఏం లాభం? ఇప్పుడు పీసా టవర్‌ని నిలబెట్టడానికి వాడిన ఇనుప నిర్మాణాలనే ఇక్కడికి వాడే ప్లాన్ పెట్టుకున్నారు. ఓపికగా చేయాల్సిన పని, తొందరపెడితే మొత్తం పోతుంది.

వెన్నెల_మిలానో:
ఇటలీ కవి దాంతే చూసింది కోయకముందు గరిసెండానే. ఆయన పోయింది 1321లో. వంగుతున్న రాక్షసుణ్ని చెబుతూ, మబ్బు పైనుంచి పోతుంటే గరిసెండా మన మీదకే వంగుతున్నట్టుంటుందని పోలిక చెప్పాడు. ఆ పద్యం టవర్ గోడ మీద చెక్కి ఉంది. ఒరిగిన వైపు నిలబడి తలెత్తి చూశాను, మబ్బు కదలగానే ఒళ్లు జలదరించింది. మా అబ్బాయైతే నా చెయ్యి లాగి పక్కకి పరిగెత్తాడు!

గోదారి_గట్టు:
ఇంత చెప్పాక ఎక్కకుండా ఎలా ఉంటాను? వేరే ఏదైనా ఉందా?

బొలోన్యా_పీజీ:
ఊరి పెద్ద చౌకు పియాత్సా మజ్జోరేలో దాక్కుర్సియో భవనం గడియారం టవర్ ఎక్కొచ్చు. చాలా తక్కువ మెట్లు, టికెట్ ముందే తీసుకోండి. జంట టవర్లు ఒకే ఫోటోలో కావాలంటే రిజ్జోలి వీధిలోంచి తీయండి, దగ్గరికెళ్తే కంచె అడ్డొస్తుంది.

పాతరాళ్లు:
ఫ్లోరెన్స్‌లో ఒక రోజు ఎక్కువుంటే సాన్ జిమిన్యానో పెట్టుకోండి. బస్సు, పోజ్జిబోన్సిలో మారాలి. అక్కడ తోర్రె గ్రోస్సా 54 మీటర్లు, అది ఎక్కనిస్తారు. ఆవిడ గారికి మెట్లు ఇబ్బందైతే కింద చౌకులో కూర్చునే చోట్లు చాలా ఉన్నాయి.