ఎమరాల్డ్ రోమ్‌కి ప్యాచ్ పడట్లేదు, క్లీన్ కాపీయే కావాలా?

ఏ_బటన్:
పోకెమాన్ ఎమరాల్డ్ రోమ్‌కి (కార్ట్రిడ్జ్‌లోని ఆట మొత్తం ఉన్న ఫైల్) ఒక ఫ్యాన్ హ్యాక్, అంటే అభిమానులు ఆటని మార్చి చేసిన వెర్షన్, బీపీఎస్ ప్యాచ్ (ఆ మార్పులు మాత్రమే ఉన్న ఫైల్) వేద్దామంటే చెక్‌సమ్ (ఫైల్ డేటా నుంచి లెక్కగట్టే గుర్తు సంఖ్య) కలవలేదని టూల్ ఆపేస్తోంది. ఆట మాత్రం ఎమ్యులేటర్‌లో బాగానే నడుస్తోంది, కాకపోతే మొదట్లో ఏదో గ్రూప్ పేరుతో స్క్రీన్ వచ్చి చీట్ కోడ్‌లు కావాలా అని అడుగుతోంది. అదే ప్యాచ్ ఐపీఎస్ అనే ఇంకో ఫార్మాట్‌లో కూడా ఉంది, అది వేసేస్తే సరిపోతుందా?

సేవ్‌స్లాట్:
వద్దు! ఐపీఎస్ కింద ఏ ఫైల్ ఉందో చూసుకోదు, చెప్పిన చోట చెప్పిన బైట్లు రాసేస్తుంది. నీకు వచ్చినలాంటి ఇంట్రో స్క్రీన్, ట్రైనర్ (చీట్ మెనూ) చేర్చేవాళ్లు ఆట మొదలయ్యే చోటును తమ కోడ్ వైపు మళ్లిస్తారు, ఆ కోడ్‌ని మామూలుగా రోమ్‌లో ఖాళీగా ఉన్న జాగాలో పెడతారు. హ్యాక్ చేసేవాళ్లు కొత్త డేటా పెట్టేదీ అక్కడే. రెండూ ఒకదాని మీద ఒకటి పడ్డాక వెంటనే తెల్ల స్క్రీన్ వస్తే నయం, లేదంటే గంటలు గంటలు ఆడాక ఏదో ఊళ్లో అడుగు పెట్టగానే ఆట ఆగిపోతుంది, తిట్లేమో హ్యాక్ చేసినవాళ్లకి పడతాయి. ఇది నాకు నిజంగా బాధగా ఉంటుంది. బీపీఎస్‌లో అసలు ఫైల్ సీఆర్‌సీ32 చెక్‌సమ్ కూడా ఉంటుంది కాబట్టే ముందే ఆపింది.

డి_ప్యాడ్:
ఒప్పుకుంటా, కానీ మార్చిన కాపీలన్నీ చెత్త కాదు. జీబీఏ (గేమ్ బాయ్ అడ్వాన్స్) ఆటలు ఎస్‌రామ్, ఈఈప్రామ్, ఫ్లాష్ అని రకరకాల మెమరీ చిప్పుల్లో సేవ్ చేసేవి. పాత ఫ్లాష్ కార్టుల్లో (రోమ్ ఎక్కించి కన్సోల్‌లో ఆడుకునే కార్ట్రిడ్జ్‌లు) చాలావాటికి ఎస్‌రామ్ ఒక్కటే వచ్చు, అందుకని రోమ్‌లో సేవ్ కోడ్ మార్చక తప్పేది కాదు. ఆ కార్టు వాడేవాళ్లకి అది ఇప్పటికీ అవసరమే. ప్యాచ్‌కి పునాదిగా మాత్రం పనికిరాదు.

ఏ_బటన్:
నా ఫైల్ సరిగ్గా 16 ఎంబీయే ఉంది, మరి మార్చినట్టు ఎలా తెలుస్తుంది?

సేవ్‌స్లాట్:
ఖాళీ జాగాలో రాస్తే సైజు మారదు. ఫైల్ ఎస్‌హెచ్ఏ-1 హ్యాష్ (చెక్‌సమ్ లాంటిదే) తీసి నో-ఇంట్రో జాబితాతో (మార్పులు లేని రోమ్‌ల హ్యాష్‌లు ఉండే జాబితా) పోల్చు, ఫైల్ పేరు ఎలా ఉన్నా ఫరవాలేదు, ప్రాంతం మాత్రం చూసుకో, అమెరికా రోమ్ ప్యాచ్ జపాన్ రోమ్‌కి పడదు. నీ దగ్గర కార్ట్రిడ్జ్ ఉంటే దాన్నే డంప్ చెయ్ (రీడర్ పరికరంతో దాని రోమ్‌ని ఫైల్‌గా తియ్), అది అన్నిటికన్నా మంచిది. పిన్నులు తుడిచి రెండుసార్లు తీస్తే హ్యాష్ రెండిటికీ ఒకటే రావాలి, రాకపోతే రీడింగ్‌లోనే తేడా. ఆ ఫైల్‌ని రీడ్-ఓన్లీ చేసి పక్కన పెట్టేసి, ప్యాచ్ ఎప్పుడూ దాని నకలు మీదే వెయ్.