ఎనిమిది మందిలో ఒక్కడి ప్లేటే వెనక్కి వెళ్లింది, మిగతావాళ్లం తినాలా ఆగాలా?

ప్రశ్న

పోయిన శనివారం రాత్రి ఫ్రెండ్స్ ఎనిమిది మందిమి కలిసి ఒక స్టేక్‌హౌస్‌కి, అంటే మందపాటి బీఫ్ ముక్కలు కాల్చి పెట్టే హోటల్‌కి వెళ్లాం. అందరం ఒకే టేబుల్ దగ్గర కూర్చుని నాలుగేళ్లు దాటింది, బుక్ చేసింది కూడా నేనే, అందుకే నాకే ఎక్కువ బాధగా ఉంది. లోపల కాలు పెట్టే సందు లేదు. బుక్ చేసుకున్నా అరగంట నిలబడ్డాం, ఆర్డర్ ఇచ్చాక ఇంకో నలభై నిమిషాలు.

తీరా ప్లేట్లు వచ్చాక ఏడుగురివి బాగానే ఉన్నాయి. ఒకడు మాత్రం ఫిలే అనే మెత్తటి ముక్కను వెల్‌డన్, అంటే లోపలిదాకా బాగా కాల్చి ఇమ్మన్నాడు. కత్తి పెట్టి కోస్తే మధ్యలో ఇంకా గులాబీ రంగే, ప్లేట్ నిండా ఎర్రటి నీళ్లు. నెత్తురు అనిపిస్తే వాడికి ముద్ద దిగదు, చిన్నప్పటి నుంచీ అంతే. వెనక్కి పంపాం. "మీరు తినండ్రా, చల్లారిపోతాయి" అన్నాడు, సరేనని తినేశాం. వాడి ప్లేట్ తిరిగొచ్చేసరికి మావి ఖాళీ. వాడొక్కడూ తలొంచుకుని గబగబా తింటుంటే మేం ఏడుగురం చూస్తూ కూర్చున్నాం, సగం వదిలేసి చాలన్నాడు. బిల్లు మాత్రం ఎనిమిది భాగాలు చేసి వాడి దగ్గరా సమానంగా తీసుకున్నాం.

ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. వచ్చే నెల మళ్లీ కలుద్దామనుకుంటున్నాం, ఈసారి పదిమంది. ఇలా కాకుండా ముందే ఏం చెప్పుకోవాలి, ఎవరికి చెప్పాలి?

మొదటి జవాబు

స్టేక్‌హౌస్ వంటింట్లో గ్రిల్ దగ్గర ఆరేళ్లు పనిచేశాను, అటువైపు ఏం జరుగుతుందో చెప్తాను. ఒక టేబుల్ ఆర్డర్ వస్తే అన్నిటికంటే ఎక్కువసేపు పట్టే ముక్కను ముందు వేస్తాం, మిగతావి దాని టైమ్ చూసుకుని వేస్తాం, అన్నీ ఒకేసారి దిగాలి కాబట్టి. మీడియం రేర్, అంటే లోపల ఎర్రగా ఉండేలా కాల్చాలంటే, ముక్క నడిమధ్యలో దాదాపు 55 డిగ్రీల సెల్సియస్, వెల్‌డన్ అంటే 71 దాటాలి. ఫిలే సాధారణంగా పొట్టిగా, మందంగా ఉండే ముక్క, లోపలికి వేడి చేరడానికి చాలాసేపు పడుతుంది. గ్రిల్ నిండా ముక్కలుండి, ఏడు ప్లేట్లు రెడీ అయి ఎదురుచూస్తుంటే ఆ ఎనిమిదోదాన్ని ఒక్క రెండు నిమిషాలు ముందు తీసేస్తారు. పొయ్యి మీంచి దించాక కూడా లోపల వేడి ఇంకో మూడు నాలుగు డిగ్రీలు పెరుగుతుంది కదా, అదే సరిపోతుందని ఆశ. మీ వాడి విషయంలో సరిపోలేదు. తప్పు పూర్తిగా వంటింటిదే.

అందుకని వెల్‌డన్ తినేవాళ్లు సన్నటి ముక్క అడగాలి, లేదా ఫిలేనే కావాలంటే "బటర్‌ఫ్లై చేయండి" అని చెప్పాలి. అంటే ముక్కను మధ్యకు చీల్చి పుస్తకంలా తెరిచి కాలుస్తారు, మందం సగమవుతుంది, టైమూ బాగా తగ్గుతుంది. ఈ ఒక్క మాట చెప్పిన టేబుల్ అంటే మాకు ఎంత ప్రాణం లేచొచ్చేదో చెప్పలేను.

ఇంకోటి, ఆ ఎర్రటి నీళ్లు నెత్తురు కాదని మీ వాడికి చెప్పండి. మాంసంలో ఉండే మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ వల్ల ఆ నీళ్లకు ఆ రంగు. బాగా ఉడికితే అదే గోధుమ రంగులోకి మారుతుంది.

ప్లేట్లు దిగగానే అందరూ మధ్యలో ఒక గాటు పెట్టి చూసుకోండి, సర్వర్ అక్కడ ఉండగానే. తక్కువ ఉడికినదాన్ని మళ్లీ గ్రిల్ మీద పెట్టొచ్చు, ఎక్కువైతే మాత్రం కొత్త ముక్క మొదటి నుంచి కాల్చాల్సిందే.

రెండో జవాబు

ఆగడం వల్ల లాభం లేదండీ, పది నిమిషాల్లో కొవ్వు గడ్డకట్టి ఏడుగురివీ పాడవుతాయి. కానీ వాడి ముందు ఖాళీ టేబుల్ ఉంచకూడదు. మా గుంపులో ఇలాగే అయితే బంగాళదుంపలు, సలాడ్, బ్రెడ్ అన్నీ తోసి ఆ అమ్మాయి ముందు పెట్టాం, ఇద్దరం మా ముక్కల్లో సగం పక్కన ఉంచుకుని తన ప్లేట్ వచ్చాక తనతోపాటే తిన్నాం. అంతసేపు తను మాతో కబుర్లు చెప్తూనే ఉంది, పక్కకు పెట్టినట్టు అనిపించలేదట.

పదిమంది అంటే తెరిచిన తొలి గంటలోనే వెళ్లండి. అక్కడ ప్రైమ్ రిబ్ ఉందేమో కూడా కనుక్కోండి. అది పక్కటెముకల దగ్గరి మాంసం, మొత్తం పెద్ద ముద్దగా నిదానంగా కాల్చి ముక్కలు కోస్తారు, రెండు చివర్ల ముక్కలు మధ్యవాటికంటే బాగా ఉడికి ఉంటాయి, ముందే చెప్తే అవి తీసి ఉంచుతారు.

మూడో జవాబు

బిల్లు సంగతి ఎవరూ మాట్లాడలేదేంటి? వెనక్కి పంపిన ప్లేట్ గురించి మేనేజర్‌ని పిలిచి మర్యాదగా అడిగితే చాలాచోట్ల ఆ ఐటమ్ తీసేస్తారు. అది తినాల్సినవాడు మొహమాటపడి అడగడు, బుక్ చేసినవాళ్లే అడగాలి. ఇప్పుడైనా వాడి వాటా వాడికి తిరిగి పంపేయండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ థాంక్స్. డబ్బు పంపితే వెనక్కి పంపాడు, అప్పుడు ఫోన్ చేశాను. మాంసం గురించి ఒక్క మాట అనలేదు. "మీరంతా నోరు కట్టేసుకుని నన్నే చూస్తుంటే గొంతులో అడ్డం పడింది రా" అన్నాడు. ఆ మాట నాకు అస్సలు తట్టలేదు, బిల్లు గురించే కొట్టుకుపోతున్నాను.

వచ్చే నెలకి తెరిచే టైమ్‌కే పదిమందికి బుక్ చేశాను. ప్రైమ్ రిబ్ ఉందట, చివరి ముక్క ఒకటి తీసి ఉంచమంటే పేరు రాసుకున్నారు. వాడి పక్కన నేనే కూర్చుంటాను.