గుడ్డు లేకుండా బంగాళాదుంప న్యోక్కి: పాలకూర, చీజ్ ఎప్పుడు కలపాలి?

టొరినో వంటిల్లు:
మేము ఇటలీలో, టొరినోలో ఉంటున్నాము. అత్తగారు, మామగారు హైదరాబాద్ నుంచి వస్తున్నారు. ఇద్దరూ గుడ్డు కూడా ముట్టరు. ఇక్కడి వంట ఒకటైనా ఇంట్లో చేసి పెట్టాలని ఉంది. న్యోక్కి అంటే ఉడికిన బంగాళాదుంప, మైదా కలిపి ముక్కలు చేసి నీళ్లలో ఉడికించే వంట, ఎలాగూ బంగాళాదుంపే కదా, పేచీ ఉండదని నా ధైర్యం. గుడ్డు లేకపోతే మరిగే నీళ్లలో విడిపోతాయా? పాలకూర ముద్దలోనే కలపాలా? చీజ్ అంటే పార్మిజానో తురిమితే చాలా?

వెరోనా వాసి:
గుడ్డు అక్కర్లేదండీ. వెరోనాలో మా పక్కింటి పెద్దావిడ గుడ్డు మాటెత్తితేనే మొహం చిట్లిస్తారు. అసలు పేచీ నీటితో. తడి ఎక్కువైతే మైదా ఎక్కువ పడుతుంది, మైదా ఎక్కువైతే న్యోక్కి గట్టిపడి సాగుతుంది.

కొత్త దుంపలు కొనకండి. పాత దుంపలు కావాలంటే ‘న్యోక్కి కోసమేనా?’ అని కొట్టువాళ్లే అడుగుతారు. తొక్క తీయకుండా, కోయకుండా ఉడకబెట్టండి. చేయి కాలుతున్నా సరే, వేడి మీదే తొక్క తీసి జంతికల గొట్టంలో కారప్పూస బిళ్ళ పెట్టి నొక్కండి. ఇక్కడివాళ్లు వాడే సాధనమూ దాదాపు అదే. మిక్సీలో మాత్రం వేయకండి, జిగురైపోతుంది. నొక్కినదాన్ని పళ్లెంలో పలచగా పరిచి ఆవిరి పోనివ్వాలి.

కిలో దుంపలకు 250 గ్రాముల మైదాతో మొదలుపెట్టండి. చేతికి బాగా అంటుకుంటుంటే 300 వరకు వెళ్లవచ్చు. చపాతీ పిండిని మర్దించినట్టు మర్దించకూడదు. ముద్ద కాగానే చేయి తీసేయాలి. వేలి లావు తాళ్లు చేసి, రెండు సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, ఒక్కొక్కదాన్ని ఫోర్క్ పళ్ల మీద బొటనవేలితో నొక్కుతూ దొర్లించండి. ఒకవైపు గాళ్లు, మరోవైపు చిన్న గుంట పడతాయి. సాస్ నిలిచేది వాటిలోనే. ముందుగా ఒక్కదాన్ని ఉప్పు నీళ్లలో వేసి చూడండి. విడిపోతే ముద్దలో మరో చెంచా మైదా. నిలిస్తే మిగతావి వేసి, తేలినవి తేలినట్టే తీసేయండి.

పాలకూర ముద్దలో కలపవచ్చు, కానీ ఉడికించి, గుడ్డలో కట్టి, చుక్క రాలనంతగా పిండాలి. మొదటిసారి అయితే నా సలహా వేరు: కూరలు బయటే ఉంచండి. జుకినీ, ఎర్ర క్యాప్సికం, వంకాయ సన్నగా తరిగి ఆలివ్ నూనెలో వేయించి, టమాటా సాస్‌లో కలిపితే సరి.

అన్నట్టు, ఈ ఊళ్లో న్యోక్కికి పండుగే ఉంది. కార్నివాల్ శుక్రవారం నాడు ‘పాపా దెల్ న్యోకో’ అనే తెల్లగడ్డం పెద్దాయన, న్యోక్కి గుచ్చిన పెద్ద ఫోర్క్ పట్టుకుని ఊరేగుతాడు!

శాకాహారి:
పార్మిజానో తురిమే ముందు ఒక్కమాట. పార్మిజానో రెజానో, గ్రానా పదానో రెండింటికీ దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తోనే పాలు విరగగొట్టాలని నియమం. టొరినోలో ఎవరిని అడిగినా ఫోంటినా అనే చీజ్ కరిగించి పోయమంటారు, అదీ అంతే. పొట్లం వెనక ‘కాల్యో వెజెటాలే’ (మొక్కల రెన్నెట్) అనో ‘కాల్యో మిక్రోబికో’ (సూక్ష్మజీవుల రెన్నెట్) అనో రాసి ఉన్నది వెతికి తీసుకోండి. గుడ్డే ముట్టనివారికి ఈ సంగతి ముందే చెప్పి, ఏది పెట్టాలో వాళ్లనే అడగడం మర్యాద.

టొరినో వంటిల్లు:
రెన్నెట్ సంగతి నాకు తట్టనే లేదు, మంచిపని చేశారు. ముందురోజు రాత్రే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చా? మామగారికి కారం తగలకపోతే ముద్ద దిగదు, దానికేమైనా మార్గం ఉందా?

వెరోనా వాసి:
ఫ్రిజ్‌లో వద్దు. తడి ఊరి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. మైదా చల్లిన పళ్లెంలో విడివిడిగా పరిచి ఫ్రీజర్‌లో పెట్టి, గట్టిపడ్డాక సంచిలో వేయండి. వండేటప్పుడు కరగనివ్వకుండా నేరుగా మరిగే నీళ్లలో, కొద్దికొద్దిగా వేయాలి. కారానికేముందండీ, కూరలు వేయించే నూనెలో నాలుగు ఎండుమిరపకాయలు తుంచి వేయండి. కారంలో దక్షిణ ఇటలీలోని కలాబ్రియావాళ్లు మనకేమీ తీసిపోరు.