మొదటి స్కూబా రెగ్యులేటర్: పిస్టన్ రకమా, డయాఫ్రమ్ రకమా?

రుషికొండ దగ్గర 12 నుంచి 18 మీటర్ల లోతు వరకు డైవింగ్ చేస్తుంటాను. అద్దె రెగ్యులేటర్లలో (సిలిండర్‌లోని గాలి పీడనాన్ని తగ్గించి నోటికి అందించే పరికరాల్లో) ఒకటి తల తిప్పితే చాలు నోట్లోకి నీటి తుంపర చిమ్ముతోంది. మరొకదానితో సిలిండర్ పీడనం 50 బార్‌కు దిగేసరికి గాలి పీల్చడమే కష్టమవుతోంది. మౌత్‌పీస్ మార్చినా, డయల్ తిప్పి చూసినా ఫలితం లేకపోవడంతో సొంతంగా కొనాలని నిశ్చయించుకున్నాను.

ఫస్ట్ స్టేజ్ (సిలిండర్‌కు బిగించే, గాలి పీడనాన్ని మొదట తగ్గించే భాగం) బ్యాలెన్స్‌డ్ రకమే, అంటే సిలిండర్ పీడనం తగ్గినా గాలి పీల్చడం కష్టం కానిదే, కావాలన్న విషయంలో సందేహం లేదు. దాని వాల్వును నడిపేది పిస్టన్ కావచ్చు, డయాఫ్రమ్ అనే వంగే పొర కావచ్చు. నీటిలో ఇసుక, ఒండ్రు తేలే రోజులు ఉంటాయి కాబట్టి, స్ప్రింగు గదిలోకి సముద్రపు నీటిని రానివ్వని సీల్డ్ డయాఫ్రమ్ మేలనిపిస్తోంది. అయితే పిస్టన్ రకంలో కదిలే భాగాలు తక్కువ, విప్పి శుభ్రం చేయడం సులువు. సర్వీసింగే నా అసలు దిగులు, ఎందుకంటే అడిగిన చోటల్లా సెట్‌ను వేరే ఊరికి పంపాలనే చెబుతున్నారు.

విశాఖలో తరచుగా డైవింగ్ చేసేవారు, సర్వీసింగ్, విడిభాగాల లభ్యతను దృష్టిలో ఉంచుకుని, ఈ రెండింటిలో దేన్ని కొనమని సలహా ఇస్తారు?