పొగమంచా, మసకా?

నల్లగొండ: చలికాలం పొద్దున హైవే మీద కమ్మేదాన్నీ, వరి కొయ్యకాళ్లు కాల్చినంక పొలాల మీద నిలిచేదాన్నీ రెంటినీ 'పొగమంచు' అనే రాస్తున్నం. ఒక్క మాట రెంటికీ చెల్లుతదా?

మిర్యాలగూడ: చెల్లదన్నా. గాలిలో నీటిబొట్లు తేలుతూ, చూపు కిలోమీటరు లోపే ఆగితే పొగమంచు. రెండోది మసక. పొడి థర్మామీటరు పక్కన తడిగుడ్డ చుట్టిన ఇంకోటి పెట్టి చూడు. రెండూ ఒకే అంకె చూపితే పొగమంచు, తడిది నాలుగైదు డిగ్రీలు దిగితే మసక. గుడ్డ ఆరిపోయినా రెండూ ఒకటే చూపిస్తయి, అక్కడ మోసపోవద్దు.

పాలమూరు: ఈ రెంటి నడుమ ఇంకోటి ఉన్నది, దానికే మనకు మాట లేదు. యూరియా చల్లిన మళ్లలోంచి అమ్మోనియా లేస్తది. బొగ్గు కాల్చిన కాడ సల్ఫర్ డయాక్సైడ్ వస్తది, అది గాలిలోనే సల్ఫ్యూరిక్ ఆమ్లమైతది. రెండూ కలిస్తే అమ్మోనియం సల్ఫేట్ రేణువు. 25 డిగ్రీల కాడ, గాలిలో తేమ 80 శాతం చేరేదాకా అది పొడిగనే ఉంటది, చేరంగనే ఒక్కసారిగ కరిగి బొట్టయితది. మళ్లీ గడ్డకట్టాలంటే మాత్రం తేమ 35 దాకా పడాలె. అందుకే పొద్దెక్కి తేమ 60కి దిగినా ఆ బొట్లు సన్నబడతయి గని ఎండిపోవు. దీన్ని 'తడిమసక' అంటే బాగుంటది.

నల్లగొండ: మరి ఆ కరగడాన్ని 'చెమ్మగిల్లడం' అనొచ్చునా?

పాలమూరు: వద్దు. చెమ్మ మెల్లమెల్లగ పడతది, ఇది ఒక అంకె కాడ తటాలున జరుగుతది. శుద్ధమైన ఉప్పు 75 దాకా ఆగుతది. దొడ్డుప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కలిసి ఉంటది కాబట్టి జాడీలో ముందే చెమ్మగిల్లుతది. రేణువుకు 'బొట్టుకట్టడం' అనే రాయి. అప్పుడే పుట్టిన మసి అయితే బొట్టుకట్టదు, నీళ్లు దానికి అంటవు.

మిర్యాలగూడ: రంగు మాట కూడా చూసి రాయాలె. చుట్ట కొనలోంచి లేచే పొగ నీలం, నోట్లోంచి వదిలిన పొగ తెలుపు. కొన కాడి రేణువులు వెలుగు అలకన్నా చిన్నవి, నీలాన్నే ఎక్కువ చెదరగొడతయి. నోటి తడికి ఉబ్బి, ఒకదానికొకటి అంటుకుని పెద్దగైనంక అన్ని రంగులనూ ఇంచుమించు సమంగ చెదరగొడతయి. అయితే నీలం కనపడాలంటే వెనక చెట్ల నలుపుండాలె. వెనక వెలుగుంటే అదే పొగ గోధుమరంగు.

నల్లగొండ: అయితే నా వాక్యం మారుస్తున్న: 'పొద్దుగూకంగ కొయ్యకాళ్ల మీద నీలిమసక, తెల్లారంగ తడిమసక.'

పాలమూరు: సరిపోయింది.